పెండ్లికి సాక్షి పన్నుకాగితము

మన ఇండ్లలో సంబంధము కుదుర్చుకొనునపుడు పెద్దలు రెండు సంగతులు విచారింతురు. వంశమెట్టిది, నడవడి యెట్టిది అనునది మొదటిది. సంసారమును పోషించు శక్తి కలదా అనునది రెండవది. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము కొఱకు కొందరు పొలము గట్లు చూచి వత్తురు. కొందరు కొలువులోని జీతమును మెల్లగా ఆరా తీయుదురు. విచారణ యంతయు రెండు కుటుంబముల నడుమనే జరుగును. మూడు ముళ్లు పడిన తరువాత ఆ ప్రశ్నను మరల ఎవరును అడుగరు.

అయితే దంపతులలో ఒకరు అమెరికా సంయుక్త రాష్ట్రముల పౌరులై, రెండవవారు పరదేశమున ఉన్నపుడు, పెండ్లి అయిన తరువాతనే ఆ ప్రశ్న పుట్టును. అడుగునది మేనమామ కాదు, ప్రభుత్వము. సమాధానము నోటిమాటగా చెల్లదు. "ఈ మనిషిని నేను పోషింతును" అని పౌరుడు పూచీకత్తు వ్రాసి యియ్యవలెను. ఆ మాట నిజమని నమ్మించుటకు తన ఆదాయపు పన్ను రిటర్నును జతపఱచవలెను. ఈ రెండును లేనిదే భార్యకు గాని భర్తకు గాని వలస వీసా రాదు. ఆలుమగల కలయికకు పన్నుకాగితము సాక్షిగా నిలిచిన ఈ వింత ఎట్లు ఏర్పడినది? ఆ చరిత్రను నేడు మనము కొంత పరిశీలింతము.

ఈ కథలో రెండు వేర్వేరు చరిత్రలు కలవు. ఒకటి బీదవాని యెడల రాజ్యమునకు గల భయము. రెండవది ఆదాయముపై రాజ్యము విధించిన పన్ను. చాల కాలము ఇవి రెండును ఒకదాని ముఖము ఒకటి చూడలేదు.

మొదటి దానిని ముందు చూతము. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దినములలో ఐరోపా నుండి ఓడలు న్యూయార్కు రేవునకు వచ్చుచుండగా, దిగిన బీదలను పోషించు భారము రేవు పట్టణముపై పడుచుండెను. కావున ఆ రాష్ట్రము ఓడ యజమానినే పూచీ అడిగెను. ఒక్కొక్క ప్రయాణికునికి 300 డాలర్ల పూచీకత్తు వ్రాయుట, లేనిచో 1 డాలరు 50 సెంట్లు చెల్లించి ఆ బాధ్యత తప్పించుకొనుట అను పద్ధతి చిరకాలము నడచినది. 1876లో అమెరికా సుప్రీము కోర్టు ఈ పద్ధతిని కొట్టివేసెను. పరదేశముల నుండి వచ్చువారిని గూర్చి చట్టము చేయు అధికారము రాష్ట్రములది కాదు, కేంద్రమునదే అని ఆ తీర్పు సారము. అంతట 1882లో కేంద్ర శాసనసభ వలస చట్టము చేసెను. తలకు 50 సెంట్ల సుంకము విధించి, తన్ను తాను పోషించుకొనలేక ప్రజలకు భారమగు వానిని దిగనీయరాదని శాసించెను. 1891లో ఆ మాట మఱికొంత విస్తరించినది. భారమైన వానినే కాక, "భారము కాగలడు" అని అధికారికి తోచిన వానిని సైతము త్రిప్పి పంపవచ్చునని నిర్ణయమైనది. ఉన్న సంగతిని గాక, రాబోవు సంగతిని ఊహించి తీర్పు చెప్పు అధికారము ఆనాడు పుట్టినది. తరువాతి కథకంతయు ఇదియే విత్తు.

అయితే పౌరుని భార్యకు ఆ దినములలో ఈ చిక్కు అంతగా లేదు. 1855 నాటి చట్టము ప్రకారము, పౌరసత్వమునకు అర్హురాలగు పరదేశపు స్త్రీ అమెరికా పౌరుని పెండ్లాడిన మరుక్షణమే తానును పౌరురాలగుచుండెను. పౌరురాలికి పూచీకత్తుతో పని యేమి? ఆ చట్టమునకు మఱియొక ముఖము కూడ కలదు. 1907లో వచ్చిన చట్టము వలన, పరదేశస్థుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వమును కోల్పోవుచుండెను. భర్త ఏ దేశమువాడో భార్యయు ఆ దేశముదే అను పాత భావన రెండు వైపులను పని చేసినది. 1922లో కేబుల్ చట్టము ఈ ముడిని విప్పినది. నాటి నుండి పెండ్లి వలన స్త్రీకి పౌరసత్వము తనంత తాను వచ్చుటయు చాల వఱకు మానినది, పోవుటయు చాల వఱకు మానినది. స్త్రీకి అది గౌరవమే. కాని అంతకు ముందు ముహూర్తముతో దొరకిన హక్కునకు ఇపుడు అర్జీ పెట్టుకొనవలసి వచ్చినది.

ఆ అర్జీ రూపము 1924 వలస చట్టములో స్థిరపడినది. ఒక్కొక్క దేశమునకు ఇంతమంది అని లెక్క కట్టిన ఆ చట్టము, పౌరుని భార్యను మాత్రము లెక్కకు వెలుపల ఉంచినది. అయితే భర్త ప్రమాణపూర్వకముగా అర్జీ వ్రాయవలెను. ఆమె ప్రజలకు భారము కాకుండ తాను పోషింపగలనని, పోషింతునని ఆ అర్జీలో చెప్పవలెను. పౌరురాలగు భార్య తన పరదేశపు భర్తను పిలిపించుకొను విషయమున మాత్రము ఇంత సౌకర్యము లేదు. ఆలుమగల నడుమ ఈ తేడా 1952 చట్టముతో గాని పూర్తిగా తొలగలేదు.

ఈ తలుపు అందఱికిని తెఱచినది కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యములో సుప్రీము కోర్టు భారతీయులు పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పినది. 1925లో మఱియొక తీర్పు, అమెరికా పౌరులైన చైనీయుల భార్యలకు సైతము, వారు చైనాలో పుట్టినవారైనచో, ప్రవేశము లేదని నిర్ణయించినది. మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ దినములలోనే బోస్టను చేరిరి. భార్య శేషగిరిగారు స్వదేశమున ఉండిపోయిరి. ఆయన ఫోలిక్ ఆమ్లము మొదలుకొని ఎన్నియో ఔషధ పరిశోధనలు నడపి, 1948లో ఆ దేశముననే కన్ను మూసిరి. దంపతులు మరల కలిసికొనలేదు. ఆ యెడబాటునకు కారణము చట్టమొక్కటే యని మనము చెప్పరాదు. ఒక మనిషి జీవితమునకు కారణములు అనేకము. కాని పౌరుడనై భార్యను పిలిపించుకొందును అని ఆయన తలచినను, 1946లో ల్యూస్-సెల్లర్ చట్టము వచ్చు వఱకు భారతీయునికి ఆ దారియే లేదు. ఆ చట్టము భారతీయులకు పౌరసత్వమునకు అర్హత కల్పించి, ఏడాదికి 100 మంది వలస రావచ్చునని లెక్క కట్టినది.

ఇక రెండవ చరిత్రకు వత్తము. అమెరికాలో ఆదాయపు పన్ను మొదట అంతర్యుద్ధపు ఖర్చుల కొఱకు పుట్టి, 1872లో ముగిసినది. 1894లో మరల విధింపగా మరుసటి యేడే సుప్రీము కోర్టు కొట్టివేసినది. 1913లో రాజ్యాంగమునకు పదునాఱవ సవరణ జరిగిన పిదప గాని అది స్థిరపడలేదు. నేటికిని అదే సంఖ్యతో నడచుచున్న 1040వ నంబరు ఫారము ఆ మొదటి పన్నుతోనే వచ్చినది. అప్పుడు ఒంటరివానికి 3,000 డాలర్లు, దంపతులకు 4,000 డాలర్లు మినహాయింపు ఉండుటచే, పన్ను కట్టువారు బహు కొద్దిమంది. అది సంపన్నుల పన్ను. సామాన్య కార్మికునికి ఆ ఫారము ఎట్లుండునో తెలియదు. ఒకని ఆదాయము ఇతరులకు తెలియరాదను పట్టుదలయు వారిలో గట్టిగా ఉండెను. 1924లో పన్ను మొత్తములను బయట పెట్టుటకు చట్టము వీలు కల్పింపగా పత్రికలు పెద్దల పేర్లను వరుసగా అచ్చు వేసినవి. అలజడి చెలరేగి రెండేండ్లకే ఆ చట్టము మాఱినది.

ఈ రెండు చరిత్రలును ఒకదానినొకటి కలిసికొన్నది 1930 తరువాతి కష్టకాలములో. ఆర్థిక మాంద్యము వచ్చి పనులు పోయినపుడు, హూవరు ప్రభుత్వము 1930 సెప్టెంబరులో విదేశములందలి కాన్సలులకు ఒక ఉత్తరువు పంపినది. "ప్రజలకు భారము కాగలడు" అను పాత మాటను ఇకపై కఠినముగా అన్వయింపుడని దాని తాత్పర్యము. 1930లో 2 లక్షల 41 వేలకు పైగా ఉన్న వలస 1933 నాటికి 23 వేలకు పడిపోయినది. పిదప హిట్లరు జర్మనీ నుండి పాఱిపోదలచిన యూదులకు ఈ మాటయే అడ్డుగోడ అయినది. అమెరికాలోని బంధువు ఎవరైనను పోషణ బాధ్యత వహించుచు ప్రమాణపత్రము పంపవలెను. దానితో పాటు ఆ బంధువు కడపటి ఆదాయపు పన్ను రిటర్ను నకలు, బ్యాంకువారి పత్రము కూడ అడుగుచుండిరి. 1939లో ఆదాయపు పన్ను చెల్లించువారు ఆ దేశమున సుమారు 40 లక్షల మంది మాత్రమే. జనసంఖ్యయో, 13 కోట్లు. పన్ను కట్టునంతటి ఆదాయము గల బంధువును వెదకుటయే ఎందఱికో ప్రాణసమస్య అయినది. పేరు కలిసిన అపరిచితులకు సైతము ఉత్తరములు వ్రాసినవారు కలరు. పన్నుకాగితము మనిషి బ్రదుకునకు వెలకట్టిన మొదటి ఘట్టము ఇది.

రెండవ ప్రపంచయుద్ధము ఈ స్థితిని తలక్రిందులు చేసినది. యుద్ధపు ఖర్చుల కొఱకు మినహాయింపులను తగ్గింపగా, 1945 నాటికి పన్ను చెల్లించువారు 4 కోట్లు దాటిరి. 1943 నుండి జీతము చేతికి రాకమునుపే పన్ను పట్టుకొను పద్ధతి వచ్చినది. సంపన్నుల కాగితము ఇట్లు సామాన్యుల కాగితమైనది. అదే సమయమున విదేశములలో పోరాడిన సైనికులు అచటి యువతులను పెండ్లాడిరి. వారిని తీసికొని వచ్చుటకై 1945 డిసెంబరులో యుద్ధవధువుల చట్టము చేసిరి. లక్షకు పైగా భార్యలు, బిడ్డలు ఆ మార్గమున ఓడలెక్కిరి. 1948లో దంపతులు తమ ఆదాయమును కలిపి సగము సగముగా లెక్క చూపి పన్ను కట్టుకొనుటకు చట్టము వీలు కల్పించినది. ఆలుమగలు ఒక్క రిటర్నుపై చేవ్రాలు చేయుట లాభదాయకమైనది. అయితే భార్య పరదేశస్థురాలై పరదేశముననే ఉన్నచో ఈ ఉమ్మడి రిటర్ను చెల్లదు. పన్ను చట్టము దృష్టిలో ఆమె యింకను ఆ యింట అడుగు పెట్టలేదు.

1952లోను, 1965లోను వలస చట్టములు మాఱినవి. రెండవది దేశముల వారీ లెక్కలను త్రోసివేసి, కుటుంబ బంధమును ప్రధానము చేసినది. మన తెలుగు వైద్యులు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో ఆ దేశము చేరుటకు ఈ చట్టమే దారి చూపినది. ఆ కాలమంతయు పోషణ పూచీకత్తులు వ్రాయుచునే ఉండిరి. కాని వాని బలము స్వల్పము. ఆస్పత్రి ఖర్చులు రాబట్టుటకు ప్రభుత్వములు దావా వేయగా, 1950ల చివర కొన్ని రాష్ట్రముల న్యాయస్థానములు ఆ పూచీ నైతికమైనదే కాని చట్టబద్ధమైన ఒడంబడిక కాదని తేల్చినవి. పెద్దమనిషి మాట వంటిదన్న మాట. తప్పినవానిని లోకము నిందించును గాని కోర్టు పట్టుకొనదు.

ఆ మాటకు కోఱలు మొలచినది 1996లో. ఆ యేడు ఆగస్టులో సంక్షేమ సహాయములను కుదించు చట్టము, సెప్టెంబరులో వలసల సంస్కరణ చట్టము వచ్చినవి. వాని ఫలితముగా 1997 డిసెంబరు 19 నుండి ఐ-864 అను క్రొత్త పూచీకత్తు అమలులోనికి వచ్చినది. పూచీదారునకు 18 ఏండ్లు నిండి యుండవలెను. అమెరికాయే ఆయన నివాసభూమి కావలెను. కుటుంబ పరిమాణమును బట్టి దారిద్ర్యపు రేఖకు నూటికి 125 వంతుల ఆదాయము ఉండవలెను. సైన్యమున పని చేయుచున్నవారు భార్యనో భర్తనో బిడ్డనో పిలిపించుకొనునపుడు మాత్రము నూటికి 100 చాలును. 2025లో ఇద్దరు గల కుటుంబమునకు దారిద్ర్యపు రేఖ 21,150 డాలర్లు. అందుపై 125 వంతులనగా సుమారు 26,437 డాలర్లు. ఆదాయము చాలనివారు ఆస్తిని చూపవచ్చును. భార్యాభర్తల విషయమున తక్కువైన మొత్తమునకు మూడింతల ఆస్తి చూపవలెను. అదియును లేనిచో, తగినంత ఆదాయము గల మఱియొకరిని ఉమ్మడి పూచీదారుగా తెచ్చుకొనవలెను.

ఈ ఆదాయమునకు ప్రధాన సాక్ష్యము పన్ను రిటర్ను. మొదట మూడేండ్ల రిటర్నులు అడిగిరి. 2006 జూలై నుండి అమలైన నిబంధనలు కడపటి యేడాది రిటర్ను ఒక్కటే చాలునని సడలించినవి. ఆపై రెండేండ్లవి జతపఱచుట పూచీదారు ఇష్టము. పన్ను శాఖవారిచ్చు సారాంశపత్రము కూడ చెల్లును. చట్టరీత్యా రిటర్ను దాఖలు చేయనక్కఱలేని వాడు ఆ కారణమును వ్రాతమూలముగా తెలుపవలెను. దాఖలు చేయవలసి యుండియు చేయనివాడు ముందు ఆ బాకీ రిటర్నును దాఖలు చేసి, పిమ్మట పూచీకత్తు పట్టుకొని రావలెను. ఇచట తప్పించుకొను దారి లేదు.

మీలో కొందఱు ఇట్లు అడుగవచ్చును: పౌరుడు తానే పరదేశమున కాపురమున్నచో, ఆ దేశపు ఆదాయమునకు అమెరికాలో రిటర్ను ఎందుకు? దీనికి సమాధానము 1924 నాటిది. మెక్సికో నగరమున స్థిరపడిన ఒక అమెరికా పౌరుడు, తన ఆదాయమంతయు మెక్సికోలోనిదే కావున పన్ను చెల్లదని వాదించెను. పౌరుడు ఎచట ఉన్నను పౌరసత్వపు రక్ష అతనితో వచ్చును, కావున పన్నును వచ్చునని సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. నివాసమును బట్టి గాక పౌరసత్వమును బట్టి పన్ను విధించు దేశములు లోకమున బహు కొద్ది. 1926లో విదేశమున సంపాదించిన జీతమునకు మినహాయింపు ఇచ్చిరి. కాని మినహాయింపు కోరుటకైనను రిటర్ను దాఖలు చేయవలసినదే. పన్ను సున్న అయినను కాగితము సున్న కాదు.

ఈ సూక్ష్మము తెలియక ఇక్కట్లపాలగువారు కలరు. ఒకడు పరదేశమున ఉద్యోగము చేయుచు, అచటి పన్ను అచటనే కట్టి, తనకు అమెరికాతో లెక్కలేమియు లేవని నమ్మియుండును. పెండ్లి చేసికొని, కొన్నేండ్లకు భార్యతో తిరిగి వెళ్లదలచి అర్జీ పెట్టును. అప్పుడు కాన్సలు కార్యాలయపు బల్లపై ఆ ప్రశ్న ఎదురగును. అట్టి వారి కొఱకు, తెలియక తప్పిన వారు మూడేండ్ల రిటర్నులను, ఆఱేండ్ల విదేశ బ్యాంకు ఖాతాల వివరములను దాఖలు చేసి దారిలోనికి వచ్చు పద్ధతిని పన్ను శాఖ 2012లో ఆరంభించి, 2014లో విస్తరించినది. ఇంకొక చిక్కు కూడ కలదు. దంపతులు వేఱు వేఱుగా రిటర్ను దాఖలు చేయునపుడు, 2018 తరువాతి సంవత్సరములలో స్థూలాదాయము 5 డాలర్లు దాటినచో చాలును, దాఖలు విధి ఏర్పడినది. పరదేశపు భార్య గల పౌరుడు సామాన్యముగా ఈ వర్గములోనే పడును. పెండ్లికి ముందు రిటర్ను అక్కఱలేని చిన్న సంపాదనాపరునికి పెండ్లితో ఆ బాధ్యత పుట్టును.

ఉమ్మడి రిటర్ను కోరువారికి 1976 నాటి సంస్కరణ ఒక దారి తెఱచినది. భార్యాభర్తలిద్దఱును సమ్మతించి, పరదేశమున ఉన్న భార్యను పన్ను లెక్కకు అమెరికా నివాసిగా భావింపుమని కోరవచ్చును. దాని వలన పన్ను తగ్గవచ్చును. కాని ఆమెకు లోకములో ఎచట ఆదాయమున్నను, మన ఊరిలోని అద్దె రాబడి అయినను, అమెరికా లెక్కలోనికి వచ్చును. ఆమెకు ఒక సంఖ్యయు కావలెను. సాంఘిక భద్రత సంఖ్య పొందలేనివారి కొఱకు 1996లో వేఱొక పన్ను సంఖ్యను ఏర్పఱచిరి. ఈ యెన్నిక చేయనిచో ఎవరి రిటర్ను వారిది. రెండును చట్టబద్ధమే. ఏది లాభమో లెక్క వేసికొని నిర్ణయింపవలెను గాని, ఇరుగుపొరుగు మాట విని కాదు.

ఇంతవఱకు మనము కాగితముల సంగతి చూచితిమి. ఆ కాగితము వెనుక నున్న బాధ్యత ఎంతటిదో తెలిసికొనకున్న చరిత్ర అసంపూర్ణము. పూచీకత్తుపై చేవ్రాలు చేసినవాడు, వచ్చినవారు పౌరులగు వఱకు, లేదా సుమారు పదేండ్ల పనికి సమానమగు 40 త్రైమాసికముల పని వారి లెక్కలో చేరు వఱకు, లేదా నివాసహక్కు వదలి దేశమును విడుచు వఱకు, లేదా ఇరువురిలో ఒకరు మరణించు వఱకు బద్ధుడు. ఈ పట్టికలో విడాకులు లేవు. పెండ్లి ముగిసినను పూచీ ముగియదు. అమెరికాలోని ఏడవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము 2012లో, వచ్చిన భార్య ఉద్యోగము వెదకుకొనలేదను కారణమున భర్త ఈ బాధ్యతను తప్పించుకొనజాలడని తీర్పు చెప్పినది.

దీనిని రెండు వైపుల నుండియు చూడవలెను. పరదేశము చేరిన తరువాత భర్త విడిచిపెట్టిన యువతికి, చేతిలో డబ్బు లేక, పలుకరించు చుట్టము లేక నిలిచిన వేళ, ఆ పూచీకత్తు కోర్టు మెట్లెక్కుటకు ఒక ఆధారము. మన ఆడపడుచులకు ఈ సంగతి తెలియుట మేలు. మఱియొక వైపున, స్నేహము కొలదియో బంధుత్వము కొలదియో ఉమ్మడి పూచీదారుగా చేవ్రాలు చేసిన పెద్దమనిషికి అదియే పదేండ్ల భారము. "సంతకమే కదా" అని చేయదగినది కాదు. ఇంకొక వైపున, కాయకష్టము చేసికొని బ్రదుకు పౌరుడు దారిద్ర్యపు రేఖకు కొలది డాలర్ల దూరమున నిలిచి, భార్యను పిలిపించుకొనలేక పూచీదారుని కొఱకు ఇల్లిల్లు తిరుగుచుండును. అతని ప్రేమ తక్కువ కాదు. అతని 1040వ నంబరు ఫారములో అంకె తక్కువ.

మఱి భార్యతో కలిసి బ్రదుకు హక్కు పౌరునకు లేదా? ఈ ప్రశ్న 2024 జూన్‌లో సుప్రీము కోర్టు ఎదుట నిలిచినది. పెండ్లాడు హక్కు కలదు గాని, పరదేశపు భర్తను లేక భార్యను దేశములోనికి రానిమ్మని కోరు హక్కు రాజ్యాంగములో లేదని అధిక సంఖ్యాకులగు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. భిన్నాభిప్రాయము ప్రకటించిన న్యాయమూర్తులును కలరు. అది నేర పరిశీలనకు సంబంధించిన వ్యాజ్యమే గాని పన్ను వ్యాజ్యము కాదు. అయినను ఆ తీర్పు వెలుగులో చూచినపుడు, ఈ కాగితముల విలువ ఇంకను పెరిగినట్లే. రాజ్యాంగపు హక్కుగా దొరకనిది శాసనపు నిబంధనలను తు.చ. తప్పక పాటించుట వలననే దొరకవలెను.

ఒక్కసారి వెనుకకు తిరిగి చూతము. ఓడ యజమాని వ్రాసిన 300 డాలర్ల పూచీ భర్త చేతికి మాఱినది. భర్త నోటిమాట ప్రమాణమైనది; ప్రమాణమునకు పన్నుకాగితము తోడు వచ్చినది; నైతికమైన మాట చట్టబద్ధమైన ఒడంబడిక అయినది. ఈ మార్పులలో ఒక్కటియు దాంపత్యమును దృష్టిలో ఉంచుకొని మొదలైనది కాదు. బీదరికపు భయము, యుద్ధపు ఖర్చు, మాంద్యపు నిరుద్యోగము, సంక్షేమపు పొదుపు, వీనిలో ప్రతియొకటియు తన పని తాను చేసికొని పోగా, మిగిలిన కాగితములు వచ్చి ఆలుమగల నడుమ గుట్టగా పడినవి.

నేడు గుంటూరులో గాని వరంగల్లులో గాని అమెరికా పౌరునితో పిల్లకు సంబంధము నిశ్చయించు పెద్దలు, తాంబూలముల నాడు ముహూర్తమును, లగ్నమును చూతురు. ఆ దేశమున మఱియొక ముహూర్తము కలదు. 1955 నుండి ఏప్రిలు 15 అక్కడ రిటర్ను దాఖలునకు గడువు. దేశము వెలుపల ఉన్న పౌరులకు జూన్ 15 వఱకు వెసులుబాటు. ఆ గడువులను అబ్బాయి పాటించుచున్నాడా యని మర్యాదగా అడుగుటలో తప్పు లేదు. జీతమెంత అని అడుగుటకు సంకోచింపని మనము, రిటర్ను దాఖలైనదా యని అడుగుటకు సంకోచింపనేల? ఆ ఒక్క ప్రశ్న ముందుగా అడిగినచో, పెండ్లి అయి పుట్టింట కూర్చుండి, ఉత్తరము కొఱకు వాకిలి చూచు పిల్లకు కొన్ని నెలల నిరీక్షణ యైనను తప్పును.